ఫ్రిజ్ తలుపు మీది ఖాళీ మేకు

సాయంత్రం 4:50కి వీరమ్మ ప్రాణం పోయింది. ఆమె భర్త మంగయ్య చేతిలో బ్లడ్ బ్యాంక్ స్లిప్పు అలాగే ఉంది. ఓ నెగెటివ్, బ్యాగ్ నంబర్ 318. ఆ బ్యాగ్ మాత్రం మంచం దాకా రాలేదు.

2009 జూన్. సూర్యాపేటలో ఒక ప్రైవేటు దవాఖాన. సీఐ దామోదర్ వచ్చేసరికే అక్కడ తీర్పు అయిపోయింది. టెక్నీషియన్ కల్పన ఆ రక్తాన్ని తెలిసినవాళ్ళకి ఇచ్చేసిందని బంధువులూ మేనేజ్‌మెంటూ ఒకే మాట మీద ఉన్నారు. ఆమెను జీపెక్కిస్తే అందరికీ తేలిక. తేలికైన కేసులంటే దామోదర్‌కి ఒళ్ళు మంట.

బ్లడ్ బ్యాంక్‌లో కౌంటర్లు రెండు. ఒకటి కల్పనది, ఒకటి ఇంకో టెక్నీషియన్ నగేష్‌ది. ఇద్దరి కంప్యూటర్లూ చెరో స్లిప్పు ఇచ్చాయి. నంబర్ అదే, 318. టైమూ అదే, 4:17:08. మంగయ్య చేతిలోది కల్పన ఇచ్చింది. నగేష్ స్లిప్పిచ్చి పంపిన మనిషి ముందు ఫ్రిజ్ దగ్గరికి చేరి, యాక్సిడెంట్ కేసుకి బ్యాగ్ తీసుకెళ్ళాడు.

ప్రోగ్రాం రాసిన రాకేష్‌ని పిలిపించారు. రెండు కంప్యూటర్ల వెనకా నడిచేది ఒకే ప్రోగ్రాం అని, అందులో ఒక్కో కౌంటర్ పని ఒక్కో థ్రెడ్, అంటే విడిగా నడిచే పాయ, చేస్తుందని, ఒకటి స్టాక్ చూస్తుంటే రెండోది ఆగేలా లాక్ పెట్టానని ధీమాగా చెప్పాడు. తప్పు మనుషులదే అన్నాడు.

దామోదర్ రక్తం బ్యాగులుండే ఫ్రిజ్ వైపు చూశాడు. తలుపు మీద ఒక ఖాళీ మేకు. దాని చుట్టూ రంగు అరిగిపోయి ఉంది.

"దీనికి ఏముండేదమ్మా?"

కల్పన సొరుగులోంచి ఇత్తడి బిళ్ళ తీసింది. "గిది సార్. ఒక్కటే ఉండేది. ఇది చేతుల ఉన్నోళ్ళే స్టాక్ చూసి స్లిప్పు రాయాలె. మేకు ఖాళీగుంటే రెండోవాళ్ళు ఆగాలె. కంప్యూటర్ వచ్చినంక తీసేయమన్నరు."

దామోదర్ రాకేష్ వైపు తిరిగాడు. "నీ ప్రోగ్రాంల బిళ్ళ ఏది?"

"ఆ లాకే సార్, లాక్ ఆబ్జెక్ట్."

"అది యాడ తయారైతది?"

రాకేష్ స్క్రీన్ మీద వేలు పెట్టాడు. ఆ వేలు అక్కడే ఆగిపోయింది.

"స్లిప్పు ఇచ్చే మెథడ్ లోపల్నే సార్. స్లిప్పు అడిగినప్పుడల్లా కొత్తది."

"అంటే వచ్చినోనికల్లా ఒక బిళ్ళ చేసిచ్చినవ్. ఇగ ఎవడు ఎవనికోసం ఆగుతడు?"

మంగయ్య కల్పన ముఖంలోకి చూడలేకపోయాడు. ఆమె బిళ్ళను మళ్ళీ మేకుకి తగిలించింది.

"ఇదే ప్రోగ్రాం ఇంకా యాడ పెట్టినవ్?" దామోదర్ గొంతు తగ్గింది.

"కోదాడల, మిర్యాలగూడల సార్."

కోదాడ వాళ్ళు వెంటనే కంప్యూటర్లు ఆపేశారు. మిర్యాలగూడలో ఫోన్ చాలాసేపు మోగింది. చివరికి ఒకామె ఎత్తింది.

"టైముకు చేసిన్రు సార్. గీడ ఒక్కటే బ్యాగుంది. ఇద్దరు స్లిప్పులు పట్టుకొని నిలవడ్డరు. ఎవరికియ్యాలె?"