గోళీ ఎక్కడ ఆగింది?

మా ఆయనతో ఇరవై ఆరేళ్ళుగా కాపురం చేస్తున్నాను. ఇన్నేళ్ళలో ఆయన ఒక్క తప్పు కూడా చేయలేదు. ఇది నా మాట కాదు, ఆయన మాటే. దారి తప్పితే "ఇటువైపు ఎలా ఉంటుందో చూద్దామని వచ్చాను" అంటారు. తలుపుకి తాళం వేయకుండా ఊరెళ్తే "ఇంటికి గాలి ఆడొద్దూ?" అంటారు. మరీ సాక్ష్యాలతో సహా పట్టుకుంటే తల కొంచెం పక్కకి వంచి, "అలా కూడా అనుకోవచ్చు" అంటారు. మా ఇంట్లో క్షమాపణ అంతవరకే వచ్చి ఆగిపోతుంది.

ఆయన చేసేది నేలలు పరిచే పని. ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషుల్ని పలకరించరు, నేలని పలకరిస్తారు. జేబులోంచి ఒక నీలం గాజుగోళీ తీసి నేల మీద వదులుతారు. అది కదలకపోతే ఆ ఇంటివాళ్ళు చాలా మంచివాళ్ళు. దొర్లిందో, ఇక వాళ్ళు ఎంత మర్యాద చేసినా లాభం లేదు.

మా అమ్మాయికి పదేళ్ళప్పుడు ఆ గోళీ ఇచ్చేసి, తను కొత్తది కొనుక్కున్నారు. దాంతో పాటు తప్పు ఒప్పుకోని గుణం కూడా ఇచ్చేశారని నాకు కొంచెం ఆలస్యంగా తెలిసింది.

అమ్మాయి పీజీ రెండో ఏడు మొదలవుతూనే, పైకప్పు కారుతోందని కాలేజీ హాస్టల్ మూసేశారు. ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి బయట ఇల్లు చూసుకోవాలి. "నువ్వెళ్ళు, నేను ఫోన్లో ఉంటాను" అని మా ఆయన నన్ను పంపించారు.

కాలేజీ వెనక నాలుగు వీధులూ తిరిగాం. మొదటి ఇంటావిడ గోడకి అంటించిన నిబంధనలు చదివించింది. పద్నాలుగోది, గట్టిగా నవ్వకూడదు. రెండో ఇంట్లో వంటగది తలుపు తీస్తే బాత్రూమ్ తలుపు తెరుచుకోదు. మా అమ్మాయి నోట్‌బుక్‌లో రెండింటినీ అడ్డంగా కొట్టేసింది.

మూడోది పసుపు గేటు ఇల్లు. కింద ఒక అమ్మమ్మగారు, ఆవిడ మనవడు ఉంటారు. మేడ మీద గది ఖాళీ. మూడు పెద్ద కిటికీలు, బోలెడు వెలుతురు, కిటికీలోంచి చూస్తే కాలేజీ గడియారం. స్నేహితురాళ్ళు అప్పుడే ఎవరి మంచం ఎక్కడో పంచేసుకుంటున్నారు.

"ఒక్క నిమిషం" అని మా అమ్మాయి గోళీ తీసింది.

అది వదిలీ వదలగానే గది పొడుగునా దొర్లి, మూలనున్న బీరువా కిందికి దూరిపోయింది.

అమ్మాయి గుమ్మంలో నిలబడ్డ మనవడి వైపు తిరిగింది. పొడుగ్గా, చొక్కా చేతులు పైకి మడిచి, చెవి మీద పెన్సిలు పెట్టుకుని ఉన్నాడు.

"ఈ గది ఎవరు కట్టారండీ?"

"నేనే. ఇదివరకు బాల్కనీ. చదువయ్యాక నేను సొంతంగా చేసిన మొదటి పని." ఆ చెప్పడంలో ఛాతీ ఒక అంగుళం ముందుకొచ్చింది.

"మట్టం పెట్టి చూశారా?"

"చూశానండీ. వాలు కావాలనే పెట్టాను."

"పని చెడగొట్టాక మేస్త్రీలందరూ అదే అంటారు."

"మీరు చాలామంది మేస్త్రీల్ని చూశారేంటి?"

"పుట్టినప్పట్నించీ ఒకాయన్ని చూస్తున్నా."

"ఆయన కూడా అదే అంటారా?"

నాకు నవ్వొచ్చింది. మా అమ్మాయికి కోపం వచ్చింది. "పద అమ్మా!"

"వెళ్ళిరండి" అన్నాడు అతనూ తగ్గకుండా. "మీరు అడిగినా ఇవ్వం."

"అడిగితే కదా!"

ఆ విసురులో గోళీ సంగతి ఇద్దరూ మర్చిపోయారు. గేటు దాటాక మా అమ్మాయి వాళ్ళ నాన్నకి ఫోన్ చేసింది.

"దొర్లిందా?"

"పారిపోయింది నాన్నా!"

"వద్దే వద్దు. వంకర నేల కట్టినవాడి ఇంట్లో ఏదీ తిన్నగా ఉండదు. మిగతా పిల్లలకి కూడా చెప్పు, నలుగురికీ మేలు."

అక్కడికక్కడే, ఇళ్ళు వెతుక్కునే విద్యార్థుల గ్రూపులో పెట్టేసింది. 'పసుపు గేటు ఇల్లు. మేడ గది నేల వంకర. కట్టినవాడికి మట్టం అంటే ఏమిటో తెలీదు. ఎవరూ తీసుకోకండి.'

సాయంత్రానికి ఆ అబ్బాయి నాలుగు వీధుల్లోనూ 'వంకర మేస్త్రి' అయిపోయాడు.

పక్క వీధిలో ఇంకో ఇల్లు దొరికింది. గోళీ లేదు కాబట్టి గుండ్రటి పెన్ను పెట్టి చూసింది. పెన్ను బుద్ధిగా పడుకుంది. అదీ బాల్కనీ కలిపేసిన గదే. మా ఆయన ఫోన్లోనే ఆ నేలని మెచ్చుకున్నారు.

నెల తర్వాత దుప్పట్లు ఇచ్చి రావడానికి వెళ్ళాను. మధ్యాహ్నం రెండింటికి వాన మొదలైంది. మామూలు వాన కాదు, అడ్డంగా కొట్టే వాన. కిటికీ సందుల్లోంచి, తలుపు కిందనించి నీళ్ళు లోపలికొచ్చి, గదంతా సరిసమానంగా పరుచుకున్నాయి. ముగ్గురమ్మాయిలూ పుస్తకాలు మంచాలకెక్కించి, చేటలతో నీళ్ళు తోడుతున్నారు. ఎంత తోడినా అవి అక్కడే ఉన్నాయి, అత్తారింటికొచ్చిన కొత్త అల్లుడిలా.

ఇంటి ఓనరు మరమ్మతులు చేసే మనిషిని పంపిస్తానన్నారు. పంపించారు. రెయిన్‌కోటు, చెవి మీద పెన్సిలు.

మా అమ్మాయి చేట పట్టుకుని బొమ్మలా నిలబడిపోయింది. అతను పాంటు పైకి మడుచుకుని గది మధ్యకొచ్చి, చుట్టూ చూశాడు.

"నమస్తే ఆంటీ" అని ముందు నాకు చెప్పాడు. పెంపకం మంచిదే అనుకున్నాను. తర్వాత జేబులోంచి నీలం గోళీ తీసి నీళ్ళల్లోకి వదిలాడు. అది అడుక్కి వెళ్ళి కూర్చుంది.

"కదల్లేదు" అన్నాడు చాలా గౌరవంగా. "అద్భుతమైన నేలండీ. గోళీ కదల్లేదు, నీళ్ళూ కదల్లేదు."

స్నేహితురాళ్ళిద్దరూ పకపకా నవ్వారు. పద్నాలుగో నిబంధన ఉన్న ఇంట్లో దిగి ఉంటే అయిపోయేవాళ్ళు.

"ఆ గోళీ నాది" అంది మా అమ్మాయి. ఇంకేం అనాలో తోచక.

"తెలుసు. నెల రోజుల నించీ జేబులో పెట్టుకుని తిరుగుతున్నా, ఎదురైతే ఇద్దామని. మీరు నన్ను చూడగానే వీధి మారిపోతున్నారు."

అతను గోడకి అడుగున కన్నం కొట్టి నీళ్ళు వదిలేవరకూ గదిలో ఉండటానికి లేదు. "వాన తగ్గాక వచ్చి కొడతాను. ముందు మా అమ్మమ్మ మిమ్మల్నందర్నీ తీసుకురమ్మంది" అన్నాడు. ఒక గొడుగు నాకిచ్చాడు. రెండోది స్నేహితురాళ్ళు లాక్కున్నారు. మిగిలింది అతని రెయిన్‌కోటు. మా అమ్మాయి వద్దు వద్దంటూనే వేసుకుంది. అతను మాత్రం తడిసి ముద్దయి, ఏదో బహుమతి గెలిచినవాడిలా నడిచాడు.

పసుపు గేటు ఇంటి మేడ గదిలో గాలి కోసం అమ్మమ్మగారు మూడు కిటికీలూ తీసే ఉంచారు. జల్లు లోపలికి కొడుతూనే ఉంది. నేల మీద పడ్డ నీళ్ళు పడ్డట్టే జారుకుంటూ మూలకి పోతున్నాయి. అక్కడ బీరువా కింద, కనపడకుండా ఒక తూము.

"ఈవిడ కిటికీలు మూయనివ్వదు" అన్నాడు మనవడు. "కిటికీలు మూయించలేక నేలని వంచాను."

వాన తగ్గిన పావుగంటకి నేల ఆరిపోయింది. మా అమ్మాయి అదే చూస్తూ కూర్చుంది. చివరికి తల కొంచెం పక్కకి వంచి, "అలా కూడా కట్టొచ్చు" అంది.

"అది ఒప్పుకోవడమా ఆంటీ?" అని అతను నన్నడిగాడు.

"మా ఇంట్లో అంతకు మించి రాదు బాబూ."

ఆ వారమే ముగ్గురూ ఆ గదిలోకి మారిపోయారు. గ్రూపులో రాసింది మాత్రం అలాగే ఉంది. అమ్మాయి దాన్ని చెరపలేదు, అతను చెరపమనలేదు.

తర్వాత ఫోన్లలో నేను గమనించింది ఏమిటంటే, 'ఆ మేస్త్రి' రెండు వారాలకి 'ఆ అబ్బాయి' అయ్యాడు. నెలకి 'తను' అయ్యాడు.

"సాయంత్రాలు ఏం మాట్లాడుకుంటారే?"

"నేలల గురించి అమ్మా."

"రోజూనా?"

"చాలా రకాలుంటాయి తెలుసా?"

నేను ఇరవై ఆరేళ్ళుగా నేలలు పరిచే మనిషితో ఉంటున్నాను. నేలల గురించి రోజూ గంటన్నర మాట్లాడుకోవడానికేమీ ఉండదని నాకు బాగా తెలుసు.

ఒక రోజు అమ్మమ్మగారే నాకు ఫోన్ చేశారు. హాస్టల్ పని మొదలుపెట్టిన కాంట్రాక్టరు మధ్యలో వదిలేసి వెళ్ళాడట. ఆ పని తనకిమ్మని మనవడు అడిగాడు. వార్డెన్ మేడమ్ ఇంచుమించు ఒప్పుకున్నాక, ఎవరో గ్రూపులో మెసేజి చూపించారు. ఆదివారం ఆవిడే వచ్చి ఈ గది చూసి నిర్ణయిస్తారట. ఇది పోతే ఈ నాలుగు వీధుల్లో ఇంకెవరూ పనివ్వరు.

"మీ అమ్మాయికి చెప్పొద్దన్నాడమ్మా. అడిగి రాయించుకుంటే అది మెప్పు కాదు, జాలి అంటాడు. పొగరు! ఇంకోటి, ఈ పని వీడికొస్తే హాస్టల్ బాగవుతుంది. బాగైతే మీ అమ్మాయి గది ఖాళీ చేసి వెళ్ళాల్సిందే. అయినా అడిగాడు చూడు, వీడి తెలివి."

నేను మా ఆయనతో "ఎవరిదో నేల చూసిపెట్టాలట, మీకంటే తెలిసినవాళ్ళు లేరట" అన్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరారు.

ఆదివారం పొద్దున పదింటికి మేడ గదిలో అందరం నిలబడి ఉన్నాం. వార్డెన్ మేడమ్ ఫోన్ తెరిచి, ఎవరో తనకి పంపిన ఆ మెసేజి పైకి చదివారు. 'కట్టినవాడికి మట్టం అంటే ఏమిటో తెలీదు' దగ్గర అతను కిటికీలోంచి గడియారం వైపు చూశాడు. మా అమ్మాయి మొహం ఎర్రబడింది.

"ఎవరు రాశారిది?"

అమ్మాయి వాళ్ళ నాన్న వైపు చూసింది. ఆయన పైకప్పు చూస్తున్నారు. తర్వాత అతని వైపు చూసింది. అతను వద్దన్నట్టు తల ఊపాడు.

అది చూశాకే అనుకుంటా, ముందుకొచ్చింది.

"నేనే రాశాను మేడమ్. తప్పు రాశాను." తల ఏ పక్కకీ వంచలేదు. "అనుకోవచ్చు, గినుకోవచ్చు కాదు. తప్పే."

బకెట్టు తెచ్చి నేల మీద బోర్లించింది. నీళ్ళు గది పొడుగునా పాముల్లా పరుగెత్తి తూములోకి దూకాయి. "వాలని చెప్పాడు, నేను నమ్మలేదు. ఈ చుట్టుపక్కల ఇంత బాగా కట్టిన గది ఇంకోటి లేదు. నాలుగు వీధులూ చూసినదాన్ని చెప్తున్నా."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు దిద్దలేదు?"

"మా ఇంట్లో అలవాటు లేదు మేడమ్."

అక్కడే నిలబడి గ్రూపులో ఆ మాటలే రాసింది, కింద తన పేరుతో సహా. అమ్మాయికి డిగ్రీలో బంగారు పతకం వచ్చిన రోజు కూడా నేను ఇంత నిటారుగా నిలబడలేదు.

మేడమ్ నవ్వి, "రేపు కాగితాలు తీసుకుని రావయ్యా" అని అతనితో చెప్పి వెళ్ళిపోయారు.

వాళ్ళిద్దరూ కిటికీ దగ్గర గుసగుసలాడుకున్నారు. మేం వినడం లేదనుకున్నారు.

"ఎందుకు చెప్పావు? ఇక నువ్వు వెళ్ళిపోవాలిగా."

"నీకు పని రావద్దా?"

"మూడు నెలల పని. ఆరు నెలలని చెప్పనా?"

"ఒక్క రోజు ఆలస్యమైనా గ్రూపులో రాస్తాను."

"మరి నేను..."

"చదువయ్యాక వస్తానులే. కిటికీలు మూయనివ్వను, ఇప్పుడే చెప్తున్నా. ఈసారి అద్దెకి కాదు."

అతను ఏదో అనబోయి, నన్ను చూసి, "మంచినీళ్ళు కావాలా అత్తయ్యగారూ?" అన్నాడు. ఆంటీ ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలీదు. అమ్మమ్మగారు మాత్రం తల తిప్పుకుని నవ్వుకున్నారు.

మా ఆయన ఇదంతా విననట్టే, తన కొత్త గోళీ తీసి నేల మీద వదిలారు. అది బీరువా కిందికి దొర్లింది. యాభై దాటిన మనిషి, మోకాళ్ళు పటపటమంటుంటే వంగి, బీరువా కిందికి చూశారు. గోళీ సరిగ్గా తూము జాలీ మీద కూర్చుంది.

"ఆ రోజు ఎక్కడ ఆగిందో చూశావా అమ్మా?"

"లేదు నాన్నా."

"నేనూ అడగలేదు." లేచి, అతని వైపు తిరిగారు. "ఎంత పెట్టావు వాలు? అంగుళమా?"

"గది పొడుగుకి ఒకటింపావండీ. జల్లు ఎక్కువ కదా."

"ఒకటింపావు" అని మా ఆయన మెల్లగా అన్నారు, ఆ అంకె రుచి చూస్తున్నట్టు. "నేనైతే అంగుళమే పెట్టేవాణ్ణి. చాలేది కాదు."

తల పక్కకి వంచారు. నాకు తెలుసు ఏం రాబోతోందో. కానీ తల మళ్ళీ తిన్నగా పెట్టి, ఆ అబ్బాయి భుజం మీద చెయ్యేశారు.

"తప్పు నాదే బాబూ. చూడకుండా చెప్పాను."



"వినపడలేదండీ" అన్నాను నేను. "ఇంకోసారి అనండి."

"తప్పు నాదే" అన్నారు ఆయన, ఈసారి గట్టిగా.