నీళ్లలో పోయిన చిప్

"చచ్చినవాడి చిప్ నిన్న క్యాసినోలో నాలుగో టేబుల్ మీదికొచ్చింది," అంది గూఢచారి సంస్థ చీఫ్ బెర్నిస్ కోస్కీ.

ఎమ్మెట్ కాఫీ కప్పు పక్కన పెట్టాడు. ఎవరి చిప్ అని అడగక్కర్లేదు. మూడేళ్ల క్రితం అతని జోడీ ఏజెంట్ లైల్, ఆ జూదపు బిళ్లని జేబులో పెట్టుకునే తాహో సరస్సులో పడవతో సహా మునిగిపోయాడు. శవం దొరకలేదు. ఆ సరస్సు ఎవర్నీ తిరిగివ్వదని పక్కనున్న రీనో ఊళ్లో చిన్నపిల్లలకీ తెలుసు. అప్పట్నుంచీ ఎమ్మెట్ కలల్లోకి లైల్ తడిబట్టలతో వచ్చి కూర్చుంటున్నాడు.

"దాని లోపలి ఎలక్ట్రానిక్ ట్యాగ్‌లో విదేశాల్లోని మన ఐదుగురు ఇన్‌ఫార్మర్ల పేర్లున్నాయి. ఇవాళ మధ్యాహ్నం ముఠా చేతికి వెళ్తుందని ముఠాలో ఉన్న లివియా కబురు."

"అమ్మేదెవరు మేడమ్?"

"కెమెరాలో టోపీ తప్ప ఏం కనపళ్లేదు. దయ్యమేమో, నువ్వే చూసి చెప్పు. టేబుల్ కింద చిప్‌ని చదివే రీడర్ ఉంది. స్క్రీన్ మీద దాని నంబరు 0417 పడగానే కాలి దగ్గర మీట నొక్కు, పేర్లు చెరిగిపోతాయి. చిప్ టేబుల్ మీద ఉన్నంతసేపే సుమా. వాళ్ల చేతిలోకి వెళ్లిందా, ఐదుగురికీ నూకలు చెల్లినట్టే."

రెండింటికి ఎమ్మెట్ పెట్టుడు మీసంతో, డీలర్ల నల్ల వెస్టుతో పేకముక్కలు పంచుతున్నాడు. ఆ పని నేర్పింది లైలే. ఏజెంటు కాకముందు లైల్ పదకొండేళ్లు డీలరు. "మీసం దండగరా. డీలర్ మొహం ఎవడూ చూడడు, చేతులే చూస్తారు," అనేవాడు.

ఎదురుగా ఆకుపచ్చ సిల్కు గౌనులో లివియా. ఆమె ముఠాకి కావలసిన మనిషి, చీఫ్‌కి ఇంకా కావలసిన మనిషి. ఆమె పక్కన ముఠా తరఫున వచ్చిన గ్రే కోటు మనిషి. చివర్లో బొంగురుగొంతు తెల్లగడ్డం ఒకాయన.

లివియా చెవిపోగు తడుముకుని తన గ్లాసు పక్కకి నెట్టింది. "ఇందులో ఐసు తక్కువైంది."

అది ఎమ్మెట్‌కి కోడ్: చిప్ చేతులు మారబోతోందని. తెల్లగడ్డం గుప్పిట విప్పి, ఒక చిప్ గ్రే కోటు ముందు పెట్టాడు.

"నాకు కలిసిరాలేదు. మీరు ఆడండి."

స్క్రీన్ మీద 0417 వెలిగింది. తెల్లగడ్డం లేచాడు. లేస్తూ ఒక్క చప్పట కొట్టి, రెండు అరచేతులూ పైకి తిప్పి చూపించాడు.

ఏమీ దాచలేదని సీలింగ్ కెమెరాకి అలా చూపించేది టేబుల్ వదిలే డీలర్లు. ఆటగాళ్లు కాదు. లైల్ మాత్రం ఎమ్మెట్ ఇంట్లో భోంచేసి లేచినా అలాగే చేసేవాడు. "చెంచాలు లెక్కపెట్టుకోంలే," అని ఎమ్మెట్ భార్య జోన్ నవ్వేది.

ఎమ్మెట్ కాలు కదల్లేదు. తను మూడేళ్లు ఏడ్చిన మనిషి బతికే ఉన్నాడన్న సంతోషం ముందొచ్చింది. సిగ్గు తర్వాత వచ్చింది. గ్రే కోటు వేళ్లు చిప్ అంచుని పైకెత్తుతున్నాయి. ఎమ్మెట్ మీట నొక్కాడు. స్క్రీన్ ఖాళీ అయింది.

గ్రే కోటు ఉత్త చిప్ జేబులో వేసుకుని, లివియా చెయ్యి పట్టుకుని దర్జాగా వెళ్లిపోయాడు. తెల్లగడ్డాన్ని గుమ్మం దగ్గర చీఫ్ మనుషులు ఆపారు. ఎమ్మెట్ వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు.

"ఎలా పట్టావురా?" గొంతు ఇప్పుడు లైల్‌దే.

"చేతులు చూపించావుగా."

లైల్ చేతులు చూసుకున్నాడు. "పాడు అలవాటు."

"ఏటా నీకోసం ఆ సరస్సులో పూలు వేశానురా."

"తెలుసు. పోయినేడు చెట్లచాటునుంచి చూశాను. పసుపుపచ్చవి."

ఎమ్మెట్‌కి పెట్టుడు మీసం బరువనిపించి పీకేశాడు. కలలోకొచ్చే తడిబట్టల లైలే నయమనిపించాడు.

సాయంత్రం ఆఫీసులో చీఫ్ ఫైలు మూస్తూ అంది: "సంతాపసభలో వాణ్ణి ఆకాశానికెత్తింది నువ్వే కదా. దిద్దుబాటు కూడా నువ్వే రాసిపెట్టు."