ఒడ్డు దాటిన జీతగాళ్లు

యశ్విత పొలంలోని జీతగాళ్లను రిత్విక్ బెల్లం నీళ్లతో మరిపి తన మడిలోకి తోలుకుపోయాడని హన్సికవ్వ అన్నదట. పాల డ్రోన్ కోసం క్యాన్లు పట్టుకుని నిలబడ్డ చోట అన్న మాట అది. నాలుగిళ్లు తిరిగి యశ్విత గడప తొక్కేసరికి బెల్లానికి తోడు కల్లు కూడా కలిసింది.

జీతగాళ్లంటే మనుషులు కారు. 2081లో గుండ్లపల్లెలో జీతానికుండే మనిషెక్కడ దొరుకుతాడు? అవి మట్టిలో బతికే సూక్ష్మజీవులు. పరిశోధనాలయం వాళ్లు 'సహజీవి' అనే పేరుతో డబ్బాల్లో నింపి ఇస్తారు. నాటు పడ్డాక మూత తీసి మడిలో ఒంపితే చాలు. వాటితో పాటు జింకు, ఇనుము, సిలికా నానో రేణువులు కూడా ఉంటాయి. కంటికి కాదు కదా, బడిలో ఉండే సూక్ష్మదర్శినికి కూడా ఆనవు. ఈ రేణువులు చల్లిన ఎరువును వీపున కట్టుకుని తిరుగుతాయి గనక శాస్త్రవేత్తలు వాటిని 'అన్నవాహకాలు' అన్నారు. ఆకలైన వేరు పుల్లటి రసం కారుస్తుంది. ఆ పులుపును పసిగట్టి సూక్ష్మజీవులు, మట్టిలో అల్లుకున్న శిలీంధ్ర దారాల వెంట, అన్నవాహకాలను మోసుకెళ్లి ఆ వేరు దగ్గర దించుతాయి. ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి, అంతే వాటికి తెలిసింది. పొద్దుమాపు చూడకుండా చాకిరీ చేస్తాయి కాబట్టి ఊరు వాటిని జీతగాళ్లంది.

హన్సికవ్వ మాటకు ఊరంతా నవ్వినా యశ్వితకు నవ్వు రాలేదు. కిందటేడు పంట వానకు పోయింది. ఈసారి కూడా గింజ లేని తాలే మిగిలితే పొలం వదిలేసి, పట్నం అవతలి గోదాముల్లో రోబోలకు డబ్బాలందించే పనికి పోవాల్సిందే. వరి పాలు పోసుకునే దశలో ఉంది. ఎరువులో ఆమె ఏ లోటూ చేయలేదు. అయినా ఆకు పసుపు తిరిగింది. పక్క మడిలో రిత్విక్ పిడికెడు ఎరువు కూడా చల్లలేదని అందరికీ తెలుసు. అతని వరి మాత్రం ముదురు పచ్చదనంతో నల్లగా నిగనిగలాడుతోంది.

"ఏం పెట్టినవురా దానికి?" అని యశ్విత అతన్ని నిలదీసింది.

"ఏం పెట్టలే వదినే. నాకే సమజైత లేదు."

"బెల్లం నీళ్లు పోసినవట గదా?"

"బెల్లమా! నా ఇంట్ల ఛాయిలకే దిక్కు లేదు. ఎవలన్నరు?"

అతని మొహంలో దొంగతనం కనపడలేదు. అదే ఆమెను ఇంకా తికమక పెట్టింది. ఇంటికి పోయి, నమ్మీ నమ్మకుండానే, తానే ఒక బిందెడు బెల్లం నీళ్లు కలిపి మడిలో పోసింది. వారం తిరిగేసరికి తన వరి ఇంకాస్త పాలిపోయింది. రిత్విక్‌ది ఇంకాస్త నల్లబడింది.

ఇక లాభం లేదని పరిశోధనాలయానికి ఫోన్ చేస్తే డాక్టర్ ఇర్ఫానా వచ్చింది. సహజీవిని తయారుచేసిన బృందంలో ఆమె ఒకతె. వెంట 'మట్టిచెవి' అనే యంత్రాన్ని తెచ్చింది. పొడవాటి కడ్డీని నేలలో గుచ్చితే, సూక్ష్మజీవులు వదిలే రసాయనాలను పట్టుకుని, వాటి రాకపోకలను మాటల్లో చెబుతుంది. ఊరు ఊరంతా చుట్టూ మూగింది.

"ఈ మడిలో వేసిన ఎరువు సరిపోతుంది" అంది మట్టిచెవి. "కానీ నిలవడం లేదు. పడమటికి పోతోంది. బెల్లం తిన్న సూక్ష్మజీవులు సంఖ్య పెంచుకుని, మరింత వేగంగా మోస్తున్నాయి."

పడమర రిత్విక్ మడి. యశ్విత అతని వంక చూసింది. అతను ఇర్ఫానా వంక చూశాడు. ఇర్ఫానా యంత్రం వంక చూసింది.

"అలా జరగడానికి వీల్లేదే!" అంది ఇర్ఫానా. "తొక్కుడు పడి గట్టిపడ్డ పొడి మట్టిలో శిలీంధ్ర దారాలు పాకలేవు. సర్వే పటంలో మీ మళ్ల మధ్య మూడడుగుల ఒడ్డు, అదే పొలం గట్టు, ఉంది. అదెక్కడ?"

"నువ్వు దాని మీదనే నిలవడ్డవు మేడం" అన్నాడు రిత్విక్.

ఆమె కిందికి చూసుకుంది. ఒక కాలు ఒడ్డు మీదుంది. ఒడ్డు మీద చోటు చాలక రెండో కాలు బురదలో ఉంది.

పంట పంటకూ ఒడ్డు చెక్కుతారు, గడ్డి పోవాలని. పారకు గడ్డితో పాటు కాస్త మట్టీ వస్తుంది. అటు నుంచి అతను, ఇటు నుంచి ఆమె, వాళ్లకు ముందు వాళ్ల నాయనలు. ఎవరికి వారు, తమకు వచ్చింది గడ్డేననుకున్నారు. పరిశోధనాలయంలో మళ్ల మధ్య సిమెంటు గోడలుంటాయి. ఊళ్లో ఒడ్లను పారతో చెక్కేవాళ్లుంటారని ఇర్ఫానాకు ఎవరూ చెప్పలేదు.

"మీ మీ పొలం అంచున నిలబడండి" అంది మట్టిచెవి.

యశ్విత ఒడ్డు దాటి రిత్విక్ మడిలోకి దిగి నిలబడింది. రిత్విక్ ఒడ్డు దాటి ఆమె మడిలోకి దిగాడు.

"మీరు ఒకరి పొలంలో ఒకరు నిలబడ్డారు. నాకు అర్థం కాలేదు. మళ్లీ నిలబడండి."

ఇద్దరూ ఇంకో అడుగు లోపలికి జరిగారు. వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు.

తర్వాత మిగతా సంగతీ తేలింది. రిత్విక్ వరి ఎరువు లేకుండానే పచ్చగుండటం చూసి అవతలి వాళ్లు కూడా, కాలువ దాకా, ఎరువు మానేశారు. అక్కడి ఒడ్లూ ఇంతే సన్నం. అన్ని మళ్ల ఆకలినీ యశ్విత ఒక్క మడే తీరుస్తోంది.

"మరి నా వరి ఇంకెట్ల పానంతోనున్నదే?" అని యంత్రాన్నే అడిగింది యశ్విత.

"తూర్పు నుంచి మీ మడిలోకి వస్తోంది. ఈ ఏడు మొదలైంది కాదు, మట్టిలో పాత దారాలు చాలా ఉన్నాయి."

తూర్పున సహస్రవ్వ పొలం. డెబ్బై దాటిన మనిషి, అందరికీ మజ్జిగ పోద్దామని చెంబు పట్టుకుని ఆ ఒడ్డు మీదే నిలబడి ఉంది. ఆ ఒడ్డు మీద కూడా కాలు వెనక కాలు పెట్టే నడవాలి. అవ్వ వంగి పార పట్టలేక ఏళ్లయింది; దాన్ని చెక్కేది యశ్విత ఒక్కతే.

"గట్లనా బిడ్డా" అంది అవ్వ మెల్లగా. "ఎంత ఏసినా పండకపోతే, నా తీర్గనే నా పొలం గూడ ముసల్దైంది గావచ్చనుకున్న."

వానకు పోయిన ఏడుకు ముందటేడు యశ్వితకు విరగపండింది. ఆమె చేతి చలవ అంటూ ఊరు మెచ్చుకుంది. ఆమె కూడా అలాగే అనుకుంది.

ఇర్ఫానా గొంతు సవరించుకుంది. "అందరూ తలా కొంత ఎరువు వేస్తే అన్ని మళ్లూ పండుతాయి."

"ముందుగాల్ల ఆళ్లను ఎయ్యమను మేడం" అన్నారు కాలువ వైపు వాళ్లు, పక్కవాళ్లను చూపిస్తూ. ఆ పక్కవాళ్లూ అదే మాటన్నారు.

"అయితే ఒడ్లు మళ్లీ కట్టాలి. చెరి సగం జాగ వదలాలి."

"వదినె వదిలితే నేను వదుల్త" అన్నాడు రిత్విక్.

"రెండు వైపులా కట్టి, ఒక్క తడవ ఎరువు వేస్తే, ఈ మడి గట్టెక్కుతుంది" అంది మట్టిచెవి. ఎవరూ అడగకపోయినా ఆగలేదు. "పడమర ఒక్కటే కడితే ముందటేటి కన్నా ఎక్కువ పండుతుంది. తూర్పు మడి మాత్రం తాలు పోతుంది."

ఆ చివరి మాట చెప్పకుండా ఉంటే బాగుండుననిపించింది ఇర్ఫానాకు. కడ్డీని పీకి చేతిలోకి తీసుకుంది.

"రెండు వైపులా కడదాం కదమ్మా?" అని యశ్వితను అడిగింది.

యశ్విత సహస్రవ్వ చేతిలోని చెంబు అందుకుని, గటగటా తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"రిత్విక్ దిక్కు కట్టుండ్రి. అవ్వ దిక్కు గట్లనే ఉండనియ్యుండ్రి."