తోక తెగిన జవాబు

తేలుపేట మొత్తం ఒప్పుకున్నట్టు నిర్ణాయకం తెర పచ్చగా వెలిగింది. తరళకు నమ్మబుద్ధి కాలేదు.

సముద్రం పల్లపు ఊళ్లను మింగేశాక, తెప్పల మీద ఇళ్లు కట్టుకుని, ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ దగ్గర బతుకుతున్న జాలరుల పేట అది. ఏటిమొగకు గోడ కడితే వాళ్ల పడవలు సముద్రంలోకి పోలేవు. అలాంటి గోడకు ఒక్క ఇల్లయినా అడ్డు చెప్పలేదా?

సభలూ అర్జీలూ పోయి అప్పటికి ఒక తరం గడిచింది. ప్రతి ఇంటి గుమ్మంలో ప్రతివచని అనే పలక ఉంటుంది. పొద్దున్నే తీర మండలి దాని ద్వారా ప్రశ్న అడుగుతుంది. ప్రశ్నలోని మాటలతోనే పూర్తి వాక్యంగా జవాబు చెప్పాలి. ఒంటిమాట చెల్లదు. జవాబులు చేరగానే నిర్ణాయకం తేల్చేస్తుంది, సాయంత్రానికల్లా పని మొదలవుతుంది. ఆ యంత్రాన్ని కనిపెట్టుకుని ఉండే గణకురాలు తరళ.

ఆమె ఒక ఇంటి గొంతును తెప్పించుకుని విన్నది. "ఏటిమొగ మూయడానికి మేం ఒప్పుకోం." అదే జవాబు యంత్రం లోపల ఎలా ఉందో చూసింది. "ఏటిమొగ మూయడానికి మేం ఒప్పు."

నిర్ణాయకాన్ని రాసిన యంత్రభాష ఒకప్పుడు తుపాన్లనూ ఆటుపోట్లనూ లెక్కగట్టడానికి పుట్టింది. అంకెలంటే దానికి ప్రాణం, అక్షరాలంటే సవతి ప్రేమ. మాట దాచాలంటే ఇంత పొడుగని ముందే పేటిక చేసిపెట్టాలి. మాట పొట్టిదైతే మిగిలిన చోట ఖాళీలు నింపుతుంది. పొడుగైతే తోక కోసేస్తుంది, కోశానని కూడా చెప్పదు. ఇంగ్లీషు అక్షరం ఒక గదిలో ఇమిడితే తెలుగు అక్షరానికి మూడు గదులు కావాలి, గుణింతానికీ ఒత్తుకీ మళ్లీ వేరే గదులు. పేటిక కొలిచినవాళ్లకు ఆ ఊహే రాలేదు. పైగా తెలుగువాళ్లు కాదనే మాటను వాక్యం చివరే అంటారు.

పై అధికారి భావనారాయణ తాపీగా విన్నాడు.

"యంత్రానికి చేరిందే జవాబు తరళా. వచ్చే నెల పేటిక పెంచుదాం. గోడ మాత్రం ఆగదు."

"పని మొదలయ్యేలోగా జవాబు మార్చుకునే హక్కు వాళ్లకుంది కదండీ."

"ఉంది. సంగతి తెలిస్తే కదా మార్చుకునేది? మీరు చెప్పకండి."

"చెప్తాను."

"ఉద్యోగం పోతుంది."

"పోనివ్వండి."

ఆమె గది దాటకముందే యంత్రం ఆమె వేలిముద్రను మరిచిపోయింది.

పేటలో కొల్లాటి నాంచారమ్మ తెప్ప మీద వల బాగుచేసుకుంటోంది. అందరూ పెద్దదిక్కుగా చూసే మనిషి. తరళ చెప్పింది విని వల పక్కన పడేసింది.

"మేమెప్పుడు ఒప్పుకున్నామమ్మాయ్? గొంతు సించుకుని మరీ కాదన్నాంగా!"

"చివరి ముక్క యంత్రానికి చేరలేదు పిన్నీ."

"ఆ పెట్టేదో నువ్వే పెద్దది చెయ్యరాదూ?"

"నన్ను బయటికి పంపేశారు."

నాంచారమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. తర్వాత లేచి గుమ్మం దగ్గరికి నడిచింది. "అట్టయితే తల ముందెడతాం. తోక కోసుకుంటే కోసుకోనీ." పలకకు నోరు ఆనించి అరిచింది. "ఒప్పుకోం మేం, ఏటిమొగ మూయడానికి!"

పక్క తెప్ప అందుకుంది. దాని పక్కది అందుకుంది. తరళ కూడా అరిచింది, తన గొంతు ఏ లెక్కలోకీ రాదని తెలిసినా. పొద్దు వాలేసరికి రాళ్ల పడవలు మొగ దగ్గరిదాకా వచ్చి వెనక్కి తిరిగాయి.

మండలి పేటికను పెంచింది. కానీ తేలుపేట మాటల పాత వరసకు మళ్లీ రాలేదు. ప్రశ్న ఏదైనా సరే, ముందు కాదనేవాళ్లు, తర్వాతే ఆలోచించేవాళ్లు. దీపస్తంభం కడతామన్నా అంతే. ఆ పలుకు తీరం వెంబడి ఊరూరికీ పాకింది. నిర్ణాయకం తెర ఎర్రగానే ఉండిపోయింది. మనుషులను మనుషులే అడగాల్సిన రోజు మళ్లీ వస్తుందని మండలిలో ఎవరూ అనుకోలేదు.

చివరికి భావనారాయణే పడవెక్కి తేలుపేటకు వచ్చాడు. అక్కడే ఉంటున్న తరళను చూసి తల తిప్పుకున్నాడు. దీపస్తంభం ఎందుకు వద్దో చెప్పమని నాంచారమ్మను అడిగాడు.

"కాస్త క్లుప్తంగా చెప్పండమ్మా."

"చెప్పను, క్లుప్తంగా. కూసోండి."

అతను కూర్చున్నాడు. ఆమె చేపల దారి నుంచి మొదలుపెట్టింది. పోటు తగ్గి నీళ్లు వెనక్కి తీశాయి, అతని పడవ బురదలో దిగబడింది. ఆమె ఇంకా చెబుతూనే ఉంది.