పెద్దమేస్త్రి కుడివైపే అన్నాడు

మంగళవారం ఉదయం తొమ్మిది గంటలకు డిటెక్టివ్ ఆఫీసు తలుపు తోసుకుని ఒకావిడ లోపలికి వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మా తాతయ్యని ఎవరో ఎత్తుకుపోయారండీ," అంది.

టైపు మిషను ముందున్న మేనకోడలి వేళ్ళు ఆగిపోయాయి. ఈ ఆఫీసులో ఆమెది ఆరేళ్ళ సర్వీసు. పిల్లలు తప్పిపోయిన కేసులు చూసింది, పిల్లులు తప్పిపోయిన కేసులూ చూసింది. తాతయ్య తప్పిపోవడం ఇదే మొదలు. "ఆయన వయసెంతండీ?" అంటూ కాగితం అందుకుంది.

"పోయి యాభై ఏళ్ళయింది."

మేనకోడలు కాగితం కింద పెట్టేసింది. బల్ల అవతల కూర్చున్న మేనమామ మాత్రం నవ్వలేదు. ఆయన్ని ఊరంతా భూతద్దంగారు అంటుంది. డిటెక్టివ్ అన్నాక అది లేకుండా ఉంటుందా అని జనం అనుకోవడమే గానీ, ఆయన భూతద్దం పట్టుకున్నది జీవితంలో ఒక్కసారే, అదీ దగ్గు మందు సీసా మీది అక్షరాలు చదవడానికి.

"ముందు మంచినీళ్ళు తాగండి. తర్వాత మొదటి నుంచి చెప్పండి," అన్నాడాయన.

ఆవిడ లెక్కల టీచరు. నీళ్ళు తాగాక లెక్క చేసినట్టే వరసగా చెప్పుకొచ్చింది. ఊరి చివర గుట్టలో ఒక చిన్న రాగి గని ఉంది. మూతపడి అరవై ఏళ్ళు. అందులో రాగి ఉన్న చార జానెడు వెడల్పున తెల్ల పలుగురాయిలో పోతూ పోతూ, ఒకచోట కత్తితో కోసినట్టు ఆగిపోయింది. యజమానులు ఎడమవైపు రెండేళ్ళు తవ్వించి, ఏమీ దొరక్క గనికి తాళం వేశారు. ఎడమవైపు తవ్వమన్నది పెద్దమేస్త్రి అని, ఆయన తెలివితక్కువతనం వల్లే నూటయాభై కుటుంబాలు రోడ్డున పడ్డాయని ఊళ్ళో చెప్పుకుంటారు. ఆ పెద్దమేస్త్రి ఈవిడ తాతయ్య.

"పోయిన నెల అటక మీది ట్రంకుపెట్టెలో ఆయన నోటుపుస్తకం దొరికింది. తను కుడివైపు తవ్వమన్నానని, వాళ్ళు వినలేదని ప్రతి పేజీలో ఉంది. రేపు గని ఆఫీసును మ్యూజియంగా తెరుస్తున్నారు. గుమ్మం పక్కన శిలాఫలకం పెడుతున్నారు. దాని మీద 'పెద్దమేస్త్రి తప్పుడు అంచనా వల్ల గని మూతపడినది' అని చెక్కాలని కమిటీ తీర్మానం. పుస్తకం చూపించాక, నిజమని తేలితే మారుస్తామన్నారు. శనివారం సాయంత్రం అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశాను. నిన్న పొద్దున చూస్తే లేదు. చెక్కే మేస్త్రి ఇవాళ నాలుగింటికి వస్తాడు. కాగితం మీద ఎలా చెరిపినా ఫర్వాలేదండీ, రాయి మీద పడితే ఇక అంతే కదా."

భూతద్దంగారు లేచి చెప్పులు వేసుకున్నాడు. అంటే కేసు ఒప్పుకున్నట్టే.

గని ఆఫీసు రెండు గదుల రాతి కట్టడం. అద్దాల బీరువా పగల్లేదు. దాని తాళంచెవి, పక్కనే గని ద్వారానికున్న ఇనుప గేటు తాళంచెవి, రెండూ గోడకు ఒకే మేకుకు వేలాడుతున్నాయి.

"బయటి తలుపు తాళంచెవులు ఎవరి దగ్గరున్నాయి?" అని అడిగాడు భూతద్దంగారు.

"నలుగురి దగ్గర. నేను, మా బాబాయి, ప్రొఫెసర్‌గారు, గని మీద రిపోర్టు రాస్తున్న రాళ్ళమ్మాయి. ఆదివారం ఇక్కడ ఎవరూ ఉండరు."

మొదట బాబాయి వచ్చాడు. పెద్దమేస్త్రి చిన్నకొడుకు, డెబ్బై దాటినవాడు, ఈ కట్టడానికి కాపలాదారు. అడుగున ఇనుప మేకులు కొట్టిన బూట్లు టకటకలాడించుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"పుస్తకం పోతే పీడా పోయింది," అన్నాడు. "తప్పు చేసినోడి కొడుకునని చిన్నప్పుడు బళ్ళో పడాల్సిన మాటలన్నీ పడ్డాను. ఇప్పుడు మళ్ళీ తవ్వడం ఎందుకమ్మా అని దీనికి చెప్పాను. వింటేనా!"

"అయితే మీరే తీశారా?"

"తీస్తే పొయ్యిలో పెట్టి, ఆ సంగతి చెప్పేవాణ్ణి. నాకు భయమేంటి?"

"గనిలోకి ఎవరైనా వెళ్ళారా ఈ మధ్య?"

"నెల నుంచి గేటు తియ్యలేదు. చీలమండల దాకా నీళ్ళు. మామూలు నీళ్ళా అవి? మైలుతుత్తం కలిసిన నీళ్ళు, రాగి కరిగిన నీళ్ళు. గని మూసేశాక పదేళ్ళపాటు మేం వాటితోనే బతికాం. పాత ఇనుప సామాను తెచ్చి ఆ నీళ్ళలో పడేసేవాళ్ళం. కాసేపటికే పైన రాగి పట్టేది. నెలకోసారి గీకి అమ్ముకునేవాళ్ళం. చూడండి." కిటికీలో ఉన్న గుప్పెడు మేకులు తీసి చూపించాడు. అన్నీ కొత్త రాగి బిందెలా ఎర్రగా మెరుస్తున్నాయి. మేనకోడలు ముచ్చటపడి ఒకటి అడిగి తీసుకుంది. భూతద్దంగారు మేకులతో పాటు ముసలాయన బూట్ల అడుగు కూడా చూశాడు. అక్కడి మేకులు నల్లగా ఉన్నాయి.

రాళ్ళమ్మాయి భూగర్భ శాస్త్రం చదివింది. ఒక చేతిలో సుత్తి, భుజాన సంచీ, మాటల్లో వేగం.

"చార ఆగిపోవడం వింత కాదు సార్. ఎప్పుడో భూమి పగిలి గుట్టలో ఒక పక్క జారింది. జారిన పక్కతో చార కూడా పోయింది. కుడికి జారిందా ఎడమకా అన్నది ఆ పగులు గోడ మీది గీతలు చెబుతాయి. నేనింకా ఆ గోడ చూడలేదు, నీళ్ళు తగ్గాక చూద్దామని ఆగాను. పెద్దమేస్త్రిగారు చూశారు. అందుకే ఆ పుస్తకం నా రిపోర్టుకి ప్రాణం."

"ప్రాణమైతే మీరే తీసుకోవచ్చుగా?"

"ప్రతి పేజీ ఫొటో తీసుకుంటానని అడిగాను. సోమవారం రమ్మన్నారు టీచరుగారు. రెండు రోజులు ఆగలేనా?" ఆమె సుత్తిని బల్ల మీద పెట్టింది. దాని ఉక్కు తల తెల్లగా, శుభ్రంగా ఉంది.

చివరికి ప్రొఫెసర్‌గారు వచ్చారు. ఈ గని చరిత్ర మీద నలభై ఏళ్ళ కిందట పుస్తకం రాసింది ఆయనే. శిలాఫలకం మీది వాక్యమూ ఆయనదే. చేతికర్ర ఆనించుకుని మెల్లగా కూర్చున్నారు.

"అనుమానం నా మీదేనని నాకు తెలుసు," అన్నారు. "కానీ నా దగ్గర యజమాని స్వయంగా రాసిన ఉత్తరం ఉంది. అందులో మేస్త్రి ఎడమ అన్నాడనే ఉంది. ఇంట్లోవాళ్ళ ట్రంకుపెట్టెలో దొరికిన కాగితానికి నేను భయపడాలా?"

"గనిలోకి ఎప్పుడైనా వెళ్ళారా?"

"ముప్పై ఏళ్ళయింది. ఈ మోకాళ్ళతో ఆ బురదలోకా!"

గదిలో ఉద్రిక్తత తగ్గిద్దామని మేనకోడలు, "మీ కర్ర చివర రాగి పొన్ను భలే అందంగా ఉందండీ," అంది. ఆయన "పాతదమ్మా," అని కర్రను కుర్చీ కిందికి జరుపుకున్నారు. భూతద్దంగారు మేనకోడలి వైపు ఎంతో ప్రేమగా చూశాడు. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు.

మధ్యాహ్నం మూడింటికి అందర్నీ ముందు గదిలో కూర్చోబెట్టాడు. మేనకోడలికి ఈ ఘట్టమంటే ప్రాణం. ఏ కేసులోనైనా జవాబు తనకూ తెలిసినట్టే ముఖం పెట్టుకుని కూర్చుంటుంది. ఇవాళ ఆ ముఖం కూడా కుదరలేదు.

"పుస్తకం తీసినవాళ్ళకి దాన్ని కాల్చాలని ఉంటే ఎప్పుడో కాల్చేవాళ్ళు," అని మొదలుపెట్టాడు భూతద్దంగారు. "ఆ పుస్తకం ఒక ప్రశ్న వేస్తోంది. కుడివైపు చార ఉందా, లేదా? జవాబు గనిలోనే ఉంది. రెండు తాళంచెవులూ ఒకే మేకుకి ఉన్నాయి. కాబట్టి పుస్తకం తీసినవాళ్ళు దాన్ని పట్టుకుని లోపలికి వెళ్ళారా అని చూశాను. లోపలికి వెళ్తే ఆ నీళ్ళు ఊరుకోవు. ఒంటి మీద ఇనుము ఎక్కడుంటే అక్కడ సంతకం పెడతాయి."

బాబాయి తన బూట్లకేసి చూసుకున్నాడు.

"మీవి నల్లగానే ఉన్నాయి లెండి. రాళ్ళమ్మాయి సుత్తి తెల్లగా ఉంది. సుత్తి లేకుండా ఆమె గనిలో అడుగుపెట్టదు. టీచరుగారికి సొంత వస్తువు దొంగిలించే అవసరం లేదు. అమ్మాయ్, నీ సంచీలో అయస్కాంతం ఉంటుందిగా, ఇలా ఇవ్వు."

రాళ్ళమ్మాయి ఇచ్చింది. భూతద్దంగారు దాన్ని మ్యూజియం కోసం బల్ల మీద పెట్టిన రాగి ముద్దకు ఆనించాడు. అంటుకోలేదు. తర్వాత ప్రొఫెసర్‌గారి కుర్చీ దగ్గర వంగి కర్ర చివరకు ఆనించాడు. టక్కున అతుక్కుంది.

"లోపలంతా ఉక్కు. పైన పూత మాత్రం రాగి," అన్నాడు. "రాయి మీద ఆనించి నడిచే కర్రకి మెత్తటి రాగితో పొన్ను ఎవరూ చెయ్యరు. ఈ పూత కూడా రోడ్డు మీద నాలుగు రోజులు నడిస్తే అరిగిపోయేదే. అంటే కొత్తది, మొన్నటిది. దీన్ని మొదట పట్టింది మా మేనకోడలే. పట్టుకుని, అందంగా ఉందని మెచ్చుకుని వదిలేసింది."

మేనకోడలు సిగ్గుతో తల దించుకుంది, లోపల్లోపల మాత్రం పొంగిపోయింది. ప్రొఫెసర్‌గారు కోటు లోపలి జేబులోంచి నల్ల అట్ట నోటుపుస్తకం తీసి టీచరుగారి ఒళ్ళో పెట్టారు.

"అబద్ధమని నిరూపిద్దామనే ఆదివారం లోపలికి వెళ్ళానమ్మా. చూశాక బయటికి వచ్చాను. రెండు రోజులుగా ఇది జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. నిన్న ఈ గుమ్మం దాకా వచ్చి మళ్ళీ వెనక్కి పోయాను. నాకు సిగ్గేసింది."

టీచరు కోపంగా తల ఎత్తింది. "చూశాక అన్నారు. ఏం చూశారు?"

"పోలీసుల్ని పిలవమంటావా?" అని బాబాయి మధ్యలో అందుకున్నాడు.

"ఉండు బాబాయ్. పుస్తకంలో రాసింది తాతయ్య మాట. నిజమని తేల్చడానికి ఇంకెవరైనా చూసి ఉండాలి. చూసింది ఈయనొక్కరే." ఆమె లేచింది. "పదండి, చూపించండి."

రబ్బరు బూట్లు తొడుక్కుని, లాంతర్లు పట్టుకుని ఆరుగురూ లోపలికి నడిచారు. నీళ్ళు నీలంగా, చల్లగా ఉన్నాయి. బాబాయి ఇన్నేళ్ళుగా గేటుకు కాపలా కాశాడు గానీ తండ్రి పనిచేసిన చివరి దాకా ఎప్పుడూ పోలేదట. దారిలో ఆ మాట చెప్పి, మేనకోడలి చెయ్యి పట్టుకున్నాడు.

రెండు వందల అడుగుల దగ్గర చార ఆగిపోయింది. ఎడమకు పెద్ద సొరంగం, నాలుగు వందల అడుగులు, ఉత్త పలకరాయి. కుడికి మనిషి దూరేంత బొరియ ఒకటి ఉంది. రాళ్ళమ్మాయి పగులు గోడ మీద దీపం పెట్టి, గీతల మీద వేలు నడిపి, "కుడికే జారింది," అంది.

"ఆఖరి వారం, పని అయ్యాక, పెద్దమేస్త్రి ఒక్కడే ఇది తవ్వుకున్నాడు," అన్నారు ప్రొఫెసర్‌గారు. "ఆఖరి పేజీలో ఉంది. అబద్ధం చెప్పింది యజమాని ఉత్తరమే."

టీచరు లాంతరు వెలుగులో చదివింది. "'ఏడు అడుగులు అయింది. ఇంకొక్క అడుగు తవ్వనివ్వండి అని అడిగాను. నవ్వి, సామాను బయట పెట్టమన్నారు.'"

ఆమె బొరియలోకి దూరింది. చివర గోడ నీటి చెమ్మకు నాని, ఎప్పుడో పెచ్చులుగా ఊడి కింద పడి ఉంది. దాని వెనక తెల్ల పలుగురాయి. ఆ రాతిలో జానెడు వెడల్పున పచ్చగా, మధ్యలో పసుప్పచ్చగా మెరుస్తూ రాగి చార. గోడ ఊడిన మేర లోతు సరిగ్గా అడుగు.

"బాబాయ్, రా," అని పిలిచింది. ముసలాయన వంగి చూసి, అరచెయ్యి ఆ చార మీద ఆనించి, "నాన్నా, ఇక్కడే ఉంది నాన్నా," అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అది సంతోషంతో వచ్చిన ఏడుపని అందరికీ తెలిసింది, ఎవరూ ఓదార్చలేదు.

బయటికి వచ్చేసరికి నాలుగైంది. చెక్కే మేస్త్రి ఉలి పట్టుకుని రాయి ముందు కూర్చుని ఉన్నాడు. "ఏం చెక్కమంటారు?" అని అడిగాడు. అందరూ ప్రొఫెసర్‌గారి వైపు చూశారు.

"రాసుకో," అన్నారాయన. "చార కుడివైపు ఉందని పెద్దమేస్త్రి చెప్పాడు. ఆయన చెప్పింది నిజం. యజమానులు వినలేదు." కర్రతో రాయి అడుగు చూపించారు. "కింద ఇంకో వాక్యం. ఆయన మీద నలభై ఏళ్ళ కిందట తప్పు రాసింది ఫలానా ప్రొఫెసర్ అని నా పేరు కూడా చెక్కు."

టీచరు రాయి మీద చెయ్యి పెట్టి జానలతో కొలిచింది.

"చోటు చాలదండీ," అంది. "మా తాతయ్య పేరుకే సరిపోతుంది."