సత్రంలో నీళ్లడిగిన గొంతు

ఆళ్లగడ్డ నుంచి అహోబిలం పోయే దారిలో ఒక పాత రాతి సత్రం ఉండేది. పొద్దు వాలితే ఎవరూ ఆ దిక్కు చూసేవాళ్లు కాదు. లోపలి నుంచి ఆడగొంతు నీళ్లు అడుగుతుందని చెప్పుకునేవాళ్లు.

ఆ గొంతు గోదాదేవిదట. నూరేళ్ల కిందట అహోబిలంలో ఒక అర్చకుల ఇంటి ఆడపడుచు. చిన్నతనంలోనే మొగుడు పోయినాడు. ఒకనాడు ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా బయలుదేరి, కాశీ దాటి బదరీ దాకా నడిచింది. ఏ ఊరు ఎంత దూరమో, ఏ నది ఎక్కడ దాటొచ్చో అన్నీ పుస్తకంలో రాసుకుని, నాలుగేళ్లకు తిరిగొచ్చింది.

ఊళ్లోకి రానివ్వలేదు. దేశాలు పట్టి తిరిగిన ఆడదానికి ఇల్లేమిటన్నారు. జ్వరంతో ఆ సత్రంలోనే పడి... నీళ్లు, నీళ్లు అంటూ... మూడోనాటికి పోయింది.

1978, మే నెల. రైతు శేషయ్య ఆళ్లగడ్డలో పని చూసుకుని సైకిల్ మీద పల్లెకు వస్తున్నాడు. పిరికివాడేం కాదు. చీకటి పడినా గాలి ఇంకా సెగ కొడుతోంది. సత్రం ముందుకు వచ్చేసరికి—

"అన్నా..."

సైకిల్ దిగినాడు.

"అన్నా... కొంచెం నీళ్లు..."

హ్యాండిల్‌కి సీసా వేలాడుతోంది. సగం నీళ్లున్నాయి. చెయ్యి దాని మీదికి పోయింది కూడా... అంతలో వాకిట్లో తెల్లగా ఏదో కదిలింది. నేల మీద. పాకుతూ.

మళ్లీ సైకిల్ ఎట్లా ఎక్కినాడో అతనికే తెలియదు.

ఇంట్లోకి వచ్చి గడియ పెట్టినాడు. జరిగిందంతా విని భార్య జయలక్ష్మమ్మ గుసగుసగా అడిగింది.

"దెయ్యం నిన్ను అన్నా అనిందా?"

"అనింది. ఈ చెవులతో విన్నా."

"మనిషేమో... నీళ్లు తీస్కోని పోయొద్దాం పా."

"పోతే మనం తిరిగి రాం. కూచో."

ఆమె లాంతరు తీసింది. అతను తలుపుకు అడ్డంగా కూర్చున్నాడు... తెల్లారేదాకా లేవలేదు.

తెలతెలవారుతుంటే జయలక్ష్మమ్మ అతన్ని పక్కకు నెట్టి, చెంబు తీసుకుని పరుగెత్తింది.

సత్రం మెట్ల మీద ఒక అమ్మాయి పడి ఉంది. తెల్ల చీర, బొబ్బలెక్కిన పాదాలు, భుజాన సంచి. కళ్లు తెరిచే ఉన్నాయి.

పేరు వకుళమాల అని తర్వాత తెలిసింది. నంద్యాలలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పేది. గోదాదేవి వంశంలో పిల్ల. ఆమె పోయినాక ఇంటివాళ్లు అటక మీద పడేసిన ఆ పుస్తకం దొరికితే, ఆమె నడిచిన దారులన్నీ తానూ నడవాలనుకుంది. మొదట నంద్యాల నుంచి అహోబిలానికి ఒంటరిగా బయలుదేరింది. వడదెబ్బ కొట్టింది. సత్రం బావిలో చుక్క నీళ్లు లేవు.

చెంబుతో పోస్తే రెండు గుక్కలు మింగింది.

"రాత్రి ఒకన్న సైకిల్ ఆపినాడక్కా," అంది. "భయపడినాడేమో... పాపం."

బండిలో ఆళ్లగడ్డ ఆస్పత్రికి తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది.

గోదాదేవే పట్టుకుపోయిందని ఊరంతా అనింది. శేషయ్య కూడా టీ అంగట్లో కూర్చుని ఏండ్ల తరబడి అదే చెప్పినాడు.

నేను మాత్రం ఇది జయలక్ష్మమ్మ నోట విన్నాను, ఎనిమిదేళ్ల తర్వాత, వాళ్లింటి అరుగు మీద. శేషయ్య పక్కనే ఉన్నాడు, తలెత్తలేదు.

"ఆ సత్రంలో దెయ్యమేం లేదు నాయనా," అంది ఆమె మెల్లగా. "మా ఆయప్ప ఉండె. ఈడ గడియ తియ్యకుండా నేనుంటి."