పసుపు పొట్లం

"పదకొండింటికి పాత మెషిన్ ఆపేసి కొత్తది నడిపిస్తారు. అప్పటిదాకా నువ్వు నేల తుడువు, కళ్ళు తెరిచి ఉంచు, నోరు మాత్రం మూసుకో," అన్నాడు కర్నల్ ఖో.

తైపేలో భూకంప హెచ్చరిక కేంద్రం పక్కసందులో ఆగిన వ్యానులో జరిగింది ఆ బ్రీఫింగ్. ఏజెంట్ నలభై ఒకటి లియావ్ షు-హుయ్ పారిశుద్ధ్య కార్మికురాలి యూనిఫారానికి బొత్తాలు పెట్టుకుంటోంది. గూఢచారి కాకముందు ఆమె పదేళ్ళు కంప్యూటర్ల బజారులో ప్రాసెసర్లు పరీక్షించి అమ్మింది.

"కొత్త మెషిన్‌లో విదేశీ ముఠా ఏదో తిరకాసు పెట్టిందని ఎవరో ఉప్పందించారు. మనవాళ్ళు మూడుసార్లు టెస్ట్ చేశారు. డెస్క్‌టాప్ ప్రాసెసర్, అయిదు గిగాహెర్ట్జ్. ఫుల్ మార్కులు."

"ఎంతసేపు చేశారు సార్?"

"నిమిషం."

"నిమిషమైతే నేనూ పరుగుపందెంలో గెలుస్తాను."

"ఇదిగో, ఈ నోరే వద్దన్నది."

షు-హుయ్‌కి నవ్వు రాలేదు. ఆమె తమ్ముడు తూర్పు తీరం ఎక్స్‌ప్రెస్ నడుపుతాడు. భూమి కదిలితే ఈ కేంద్రం పంపే హెచ్చరికే ఆ రైలును ఆపుతుంది. అది పది సెకన్లు ఆలస్యమైతే తమ్ముడు సొరంగంలో బండరాళ్ళ కింద ఉంటాడు. అది తలుచుకుంటేనే ఆమెకి ఒళ్ళు మండింది.

హాలు చలికి గడ్డకట్టేలా ఉంది. ఏసీ పదహారు మీద ఉంది. మెషిన్ అమ్మిన కంపెనీ ప్రతినిధి హార్గన్ అందరికీ పళ్ళికిలిస్తున్నాడు. అతని పక్కన ఎర్రటి గౌనులో చీఫ్ ఇంజినీర్ వివియన్ టెంగ్. హాల్లో మగాళ్ళందరి చూపూ ఆమె మీదే ఉంది. షు-హుయ్ మాత్రం ఆమె మోచేతిని వదలని హార్గన్ చేతిని చూసింది.

అక్కడి ఆచారం ప్రకారం, కొత్త మెషిన్ మొదలుపెట్టే ముందు దాని మీద ఒక చిరుతిండి పొట్లం పెట్టాలి. కొబ్బరి రుచి మొక్కజొన్న ఉండలు. ఆ తిండి పేరుకి అర్థమే 'బుద్ధిగా ఉండు' అని. పొట్లం ఆకుపచ్చదై ఉండాలి, తేదీ దాటకూడదు, ఎవరూ విప్పకూడదు. విప్పితే మెషిన్ మాట వినదు. పెద్ద పెద్ద డిగ్రీలున్నవాళ్ళు కూడా ఈ విషయంలో జోకులు వేయరు.

వివియన్ హ్యాండ్‌బ్యాగులోంచి పొట్లం తీసి మెషిన్ మీద పెట్టింది. పసుపుది. అంటే ప్రమాద సూచన.

హాల్లో గుసగుసలు లేచాయి. హార్గన్‌కి ఏమీ అర్థం కాక చప్పట్లు కొట్టాడు. "అయ్యో, తొందరలో చూసుకోలేదండీ," అంది వివియన్. ఆమె కళ్ళు మాత్రం ఏసీ మీద నిలిచాయి.

చిప్పుల ఫ్యాక్టరీల ఊరు షించులో పుట్టిన ఇంజినీరు నిద్రలో కూడా పసుపుది తీయదు. షు-హుయ్ తుడుపుకర్ర నేలకేసి కొట్టింది.

"ఏసీ కట్టేయండి! మెషిన్ మీద ఫుల్ లోడ్ పెట్టండి. పావుగంట!"

"నేల తుడిచేదానికి మాట్లాడే హక్కు ఎవరిచ్చారు?" అన్నాడు హార్గన్.

"తుడిచేదాన్ని కాబట్టే మురికి నాకు ముందు కనిపిస్తుంది."

చెవిలో కర్నల్ గొంతు బుసకొట్టింది. "షు-హుయ్, ఇది ఆర్డర్. నోరు ముయ్!" ఆమె ఇయర్‌పీస్ తీసి బకెట్లో పడేసింది.

"లాప్‌టాప్ ప్రాసెసర్, డెస్క్‌టాప్ ప్రాసెసర్ ఒకే పేరుతో రావచ్చు. నిమిషం పాటు రెండూ సమానంగానే ఉరుకుతాయి. లాప్‌టాప్‌ది పల్చటి పెట్టెలో, కొద్దిపాటి కరెంటుతో బతకడానికి పుట్టింది. వేడెక్కితే తన ప్రాణం కాపాడుకోడానికి స్పీడు తగ్గించేసుకుంటుంది. డెస్క్‌టాప్‌దానికి నెత్తిన పెద్ద ఫ్యాను, కావలసినంత కరెంటు. అలుపు లేకుండా నడుస్తుంది. పెద్ద భూకంపం తర్వాత వందల ప్రకంపనలొస్తాయి. అవన్నీ నిమిషంలో అయిపోతాయా?"

ఆమే తుడుపుకర్ర చివరతో ఏసీ స్విచ్ నొక్కి ఆపేసింది. వివియన్ సైగ చేస్తే, పది నలభై మూడుకి ఆపరేటర్ లోడ్ మొదలుపెట్టాడు.

అయిదు నిమిషాలకీ తెరపై స్పీడు అంకె కదల్లేదు. హార్గన్ ఈల వేశాడు. షు-హుయ్ తుడుపుకర్రని మెషిన్ వైపు తిప్పింది. తుడుపుకర్ర పిడిలో దాచిన కెమెరా వేడిని చూపిస్తోంది. డెబ్భై ఒక్క డిగ్రీలు. ఎనభై ఎనిమిది. తొంభై తొమ్మిది.

ఉన్నట్టుండి స్పీడు జారింది. అయిదు, మూడున్నర, రెండు.

"డెస్క్‌టాప్ మూత కింద లాప్‌టాప్ చిప్పు!" అని ఆమె అరిచేసరికి హార్గన్ ఎర్ర స్విచ్ మీదకి దూకాడు. అది నొక్కితే పాత మెషిన్ ఆగిపోతుంది, మళ్ళీ లేవడానికి రోజు పడుతుంది. కానీ ఆ నేల పొద్దుటినుంచీ షు-హుయ్ తుడిచింది. అతని కాలు జర్రున జారింది. చెయ్యి స్విచ్‌కి జానెడు దూరంలో నేలను తాకింది. గడియారం పదకొండు కొట్టింది. పాత మెషిన్ నడుస్తూనే ఉంది.

"ఉప్పందించింది నేనే అక్కా," వివియన్ వెక్కి ఏడ్చింది. "మా నాన్నని పట్టుకుని నన్ను వాళ్ళ మనిషిని చేసుకున్నారు. ఇవాళ నోరు విప్పే వీల్లేదు."

"పొట్లంతో చెప్పావుగా చెల్లీ, చాలు."

పట్టుబడ్డ హార్గన్ ఫోన్‌లో దొరికిన అడ్రసుకి మనుషులు వెళ్ళి, మధ్యాహ్నానికల్లా ఆమె తండ్రిని విడిపించి తెచ్చారు.

మర్నాడు కర్నల్ ఖో షు-హుయ్ టేబుల్ మీద ఆకుపచ్చ పొట్లం ఒకటి పెట్టాడు. "మెషిన్లకి పనిచేస్తోందిగా. ఇక నుంచి నువ్వూ బుద్ధిగా మాట వింటావేమోనని."

"థాంక్స్ సార్," అని షు-హుయ్ పొట్లం పర్రున చింపి, ఆయన కళ్ళ ముందే గుప్పెడు నోట్లో వేసుకుంది.